కుంగిన స్ప్రింగులు
ఏండ్ల తరబడి బరువు మోసి కుంగిపోయిన కారు స్ప్రింగులను ఇంటివద్దనే మార్చుకొనదలచిన యువకుని స్వయంకృషిని మనసార మెచ్చుకొందును. కాని బండి నేలకు వ్రాలినట్లు అందముగ గనుపడవలెనను కోరికతో వాని స్థానమున పొట్టి స్ప్రింగులను బిగించుట మా బొబ్బిలి ప్రాంతమునకు ఎంతమాత్రమును తగదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిర్దేశించిన స్పీడుబ్రేకరే 10 సెంటీమీటర్ల ఎత్తుగలది; ఊరూర వెలసిన దిబ్బలకు ఆ కొలతయు లేదు. మన చిన్నకార్ల అడుగున సాధారణముగ నుండు 16, 17 సెంటీమీటర్ల యెడములో మూడు నాలుగు తగ్గించి, నలుగురు బంధువులను, బియ్యపు బస్తాను ఎక్కించుకొని పారాది మీదుగా రామభద్రపురమునకు బయలుదేరినచో ఆయిల్ చాంబరు గతి యేమగును? అదియునుగాక, అదిమిపట్టిన స్ప్రింగునందు నిగూఢమైయున్న శక్తి ప్రాణాంతకము: స్ప్రింగును అదిమిపట్టు కంప్రెసరు కొక్కెములు రెండును ఎదురెదురుగా, సమానముగా బిగియకముందే స్ట్రట్టు నడినెత్తి నట్టు విప్పినచో ఆ యుక్కుచుట్ట యెగసి ముఖమును చీల్చగలదు. తయారీదారు మూలకొలతలకు భిన్నముగా వాహనమును మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది. 2019లో సుప్రీంకోర్టు సైతము దానినే స్థిరపరచినది. కావున కంపెనీ కొలతగల క్రొత్త స్ప్రింగులనే, ఒక్కటి కాక జతగా, అనుభవజ్ఞుడైన మెకానిక్కు చెంతనుండగా మార్చుకొనుడు. షాక్ అబ్జార్బర్లు నూనె కార్చుచున్నవేమో అప్పుడే చూచుకొనుడు.