ఇంట్లో చెప్పలేని సాక్ష్యం

యోహాను సువార్త 9వ అధ్యాయంలోని పుట్టుగుడ్డివాడి కథ విశ్వాసులందరికీ తెలిసిందే. సిలోయము కోనేటిలో కడుక్కుని అతడు చూపు పొందాడు. ఆ స్వస్థత మీద మనం విన్న ప్రసంగాలకు లెక్కలేదు గానీ, మధ్యలో వచ్చే అతని అమ్మానాన్నల గురించి మాట్లాడేవారు తక్కువ. పరిసయ్యులు పిలిపించి నిలదీస్తే, కొడుకు మావాడే గానీ ఆపైన మాకేమీ తెలియదు, వయసొచ్చినవాడు గనుక అతణ్నే అడగమని వాళ్లు తప్పుకున్నారు. సమాజమందిరం నుండి వెలివేస్తారన్న భయమే అందుకు కారణమని యోహాను రాశాడు. బిడ్డ జీవితంలో అంత పెద్ద రోజున పక్కన నిలబడలేని తల్లిదండ్రులు వాళ్లు.

అలాంటి తల్లిదండ్రులు మన సంఘాల్లోనూ ఉన్నారు. మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ హాస్టళ్లలో ఉంటూ ఐటీ కంపెనీల్లో పనిచేసే పిల్లల్లో చాలామంది గుంటూరు, ఏలూరు, ఖమ్మం వంటి ఊళ్ల నుంచి వచ్చినవారే. సండేస్కూల్లో బహుమతులు తెచ్చుకున్నవారు, క్వయర్‌లో పాడినవారు. వారిలో గే యువకులు, స్వలింగ ఆకర్షణ గల అమ్మాయిలు లేరనుకుంటే అది మన అమాయకత్వం. జూన్ నెల వస్తే కొన్ని ఆఫీసుల్లో ఇంద్రధనుస్సు రంగుల జెండాలు కడతారు. (ఆ ఇంద్రధనుస్సు నోవహుకు దేవుడిచ్చిన గురుతని మనం అభ్యంతరం చెబుతాం. ఆ నిబంధన సమస్త ప్రాణులతో అన్న సంగతి మాత్రం గుర్తుండదు.) అక్కడ టీమ్ లీడర్‌తో చెప్పగలిగిన మాట క్రిస్మస్‌కు ఊరెళ్లినప్పుడు అమ్మతో చెప్పలేని అబ్బాయిలున్నారు. సంబంధాలు చూస్తామంటే ఆన్‌సైట్ అవకాశం వచ్చేలా ఉందని ఏటా వాయిదా వేస్తుంటారు.

బయటికి చెప్పినవారూ ఈ నగరంలోనే ఉన్నారు. 2013 ఫిబ్రవరి 3న హైదరాబాద్ వీధుల్లో తొలి స్వాభిమాన యాత్ర జరిగింది. అదే ఏడాది డిసెంబరు 11న సుప్రీంకోర్టు 377వ సెక్షన్‌ను తిరిగి నిలబెట్టింది. అంటే ఆ రోజు నడిచినవారికి ఉన్న కాస్త చట్టం అండ కూడా ఆ ఏడాది దాటేదాకా నిలవలేదు, చాలామందికి ఇంటి అండ కూడా ఉండి ఉండదు. ఆ సెక్షన్ నుంచి విముక్తి 2018 సెప్టెంబరు 6న గానీ రాలేదు. హోటల్ మేనేజ్‌మెంట్ బోధించే సుప్రియో చక్రవర్తి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అభయ్ డాంగ్ కథ పత్రికల్లో చదివే ఉంటాం. కరోనా రెండో ఉద్ధృతిలో ఇద్దరూ జబ్బుపడి కోలుకున్నాక, 2021 డిసెంబరులో బంధుమిత్రుల మధ్య హైదరాబాద్‌లో వేడుక చేసుకున్నారు. పెళ్లిని చట్టం గుర్తించాలని 2022లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2023 అక్టోబరు 17న రాజ్యాంగ ధర్మాసనం ఒప్పుకోలేదు. అది చట్టసభల పని అంది. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లనూ కొట్టివేశారు.

కోర్టులో ఓడారు గదా, ఏం సాధించారని అడగవచ్చు. మన ఇళ్లలో టీవీ ముందు కూర్చున్న అమ్మమ్మలు ఆ ఇద్దరి ముఖాలు చూశారు. పసుపు రాసుకుని, పెద్దల మధ్య నవ్వుతున్న ఇద్దరు కుర్రాళ్లు. అంతకుముందు ఆ మాట వింటే గుర్తొచ్చేది ఏదో పాశ్చాత్య దేశపు వింత. వాదనలు విని మనసు మార్చుకున్నవారిని మేము పెద్దగా చూడలేదు. ఎదురింటి అబ్బాయో, అక్క కొడుకో నోరు తెరిచి చెప్పినప్పుడు మాత్రం ‘వాళ్లు’ అన్న మాట ‘మావాడు’ అవుతుంది. ఆ గుడ్డివాడి ఇరుగుపొరుగు కూడా ఇతడు అతడేనా కాదా అని తర్కించుకుంటూ ఉండిపోయారు. తానేనని అతడే చెప్పుకోవలసి వచ్చింది.

స్వలింగ ఆకర్షణ గుడ్డితనం లాంటి లోపమని ఇక్కడ పోలిక కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దాన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసింది. మన దేశపు మానసిక వైద్యుల సంఘం కూడా 2018లో అది జబ్బు కాదని స్పష్టం చేసింది. ఇది తెలియక మేమూ తప్పు చేశాం. చాలా ఏళ్ల క్రితం ఒక తల్లి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కొడుకును ప్రార్థన కోసం తీసుకొచ్చింది. తలమీద చేతులుంచి ప్రార్థించి, పెళ్లి చేస్తే సర్దుకుంటుందని సలహా ఇచ్చాం. రెండేళ్లయినా కాకముందే ఆ కాపురం ముగిసింది. ఆ అబ్బాయి సంఘానికి రావడం మానేశాడు. పుట్టింటికి చేరిన ఆ అమ్మాయికి ఏం జరిగిందని మాలో ఒక్కరమూ వెళ్లి అడగలేదు. నిజం చెప్పే చోటు లేని ఇంట్లో బలయ్యేది ఒక్కరే కాదు.

వాక్యం ఏమంటుందనే విషయంలో సంఘాలన్నీ ఒక్కమాట మీద లేవు. లేవీయకాండం, రోమా పత్రిక తెరిచి చూపేవారితో మేము చాలాసార్లు కూర్చున్నాం. పోప్ ఫ్రాన్సిస్ సైతం 2023 జనవరిలో స్వలింగ సంపర్కులను శిక్షించే చట్టాలు అన్యాయమన్నారే గానీ, తమ చర్చి బోధను మార్చలేదు. ఆ చర్చ సాగనివ్వండి. చర్చ తేలేదాకా పిల్లలు గుమ్మం బయట నిలబడాలా? చూపొచ్చినవాణ్ని మతపెద్దలు బయటికి నెట్టేశారని తెలిసి ప్రభువు తానే వెతుక్కుంటూ వెళ్లి కలిశాడని 35వ వచనంలో ఉంది. వాళ్లతో వాదనకు దిగడం ఆ తరువాతి సంగతి.

మొన్న రాత్రి మరో తల్లి ఫోన్ చేసింది. గచ్చిబౌలిలో పనిచేసే కొడుకు తన సంగతి ఇంట్లో తానే చెప్పాడట. మేము వాక్యాలు వెతుక్కుంటుండగా ఆమె అడిగింది వేరు. ‘సంఘంలో తెలిస్తే మమ్మల్ని వెలేస్తారా అయ్యగారూ? క్రిస్మస్ ఆరాధనలో వాడు ఎప్పటిలా కీబోర్డు వాయించొచ్చా?’ రమ్మనండమ్మా అన్నాం. సంఘ పెద్దలతో ఇంకా మాట్లాడవలసి ఉంది.