శిక్షకు ముందు తోడు

స్త్రీపై ఘోరమైన అత్యాచారము జరిగినదన్న వార్త వెలువడినప్పుడెల్ల మన వీధులలో మొదట వినవచ్చు కేక "ఉరి తీయండి" అన్నదే. ఆ కేకలోని ఆగ్రహము న్యాయమైనదే. అట్టి ఘోరమును విని రక్తము మరుగని సమాజము బ్రతికియున్న సమాజము కాదు. కాని 2019 నవంబరులో శంషాబాదు చెంత ఒక యువతిని బలిగొన్న దుర్మార్గము తెలుగువారినందరిని కలచివేసినప్పుడును, మరుసటి నెల 6వ తేదీ వేకువను నిందితులు నలుగురును పోలీసు కాల్పులలో మరణింపగా జనులు పూలు చల్లినప్పుడును, ఆ మరు వారముననే ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఇరువదియొక్క పనిదినములలో తీర్పును, మరణశిక్షను వాగ్దానము చేయు బిల్లును ఆమోదించినప్పుడును మన సంభాషణ అంతయు నేరము చేసినవాని చుట్టునే తిరిగినది. అట్టి నేరమునకు లోనై, చావక మిగిలి, మరునాడు తెల్లవారగనే లేచి నీళ్లు పట్టుకొని, బడికో పనికో పోవలసియున్న వేలకొలది స్త్రీలకు, బాలికలకు ఏమి కావలయునో అడిగినవారు ఆనాడు అరుదు, నేడును అరుదే.

వారికి మొదట కావలసినది తోడు. ఆసుపత్రి గడప నుండి న్యాయస్థానపు తుది వాయిదా వరకు, ఆ తరువాతి నిద్రలేని రాత్రుల వరకు, ఆమెను శంకింపక, తొందరపెట్టక, విడువక వెంట నిలుచు ఒక మనిషి. శిక్ష పడవలసినదే, ఆ విషయమున రెండవ మాట లేదు. కాని తోడు లేని స్త్రీ ఫిర్యాదు చేయదు, చేసినను నిలుపుకొనలేదు, ఆమె నిలువనిచో ఏ శిక్షయు పడదు. శిక్షను కోరువారు సైతము ముందుగా తోడును కోరవలసిన కారణ మిదియే.

జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారము 2022వ సంవత్సరమున దేశములో నమోదైన అత్యాచారపు కేసులు 31,516. నమోదు కానివాటి లెక్క ఎవరి యొద్దను లేదు. నమోదైనవానిలో నూటికి తొంబదికి పైగా కేసులలో నిందితుడు ఆమె ఎరిగినవాడే: పొరుగింటివాడు, బంధువు, ట్యూషను చెప్పు మాస్టరు, పెండ్లాడుదునని నమ్మించినవాడు, పని యిచ్చిన ఆసామి. చీకటిలో పొంచియుండు అపరిచితుని గూర్చి ఆడపిల్లలకు నూరిపోయు మనము, అన్నము పెట్టిన ఇంటిలోనే పుట్టు భయమును గూర్చి చెప్పము. అందుచేత ఆ పిల్ల నోరు విప్పినప్పుడు తల్లి మొట్టమొదట అను మాట "ఎవరికీ చెప్పకు" అన్నది, తండ్రి అను మాట "చెల్లెలి పెళ్ళేమవుతుంది?" అన్నది. పిదప పెద్దమనుషులు కూర్చుందురు. కొంత సొమ్మునకు రాజీ కుదుర్చుటయో, లేక ఆ దుర్మార్గునికే పిల్లను కట్టబెట్టి "సమస్య తీర్చుట"యో జరుగును. ఇట్టి కేసులలో రాజీకి ఏ రూపమునను తావు లేదని 2015లో సుప్రీంకోర్టు నిష్కర్షగా చెప్పినది. పెండ్లి పేరిట జరుగు రాజీ కూడ అందు చేరినదే. ఆ తీర్పు మన రచ్చబండల దాక ఇంకను రాలేదు.

ఇక ఆ పిల్ల ఇంటి గడప దాటి వచ్చినదనుకొందము. జిల్లా ఆసుపత్రి క్యాజువాలిటీలో తరచుగా జరుగునది ఇట్లుండును: ఇనుప బల్లపై తల్లి కొంగు పట్టుకొని ఆ పిల్ల కూర్చుండును, ఓపీ చీటీ వ్రాయువాడు "ఏమైంది?" అని అడ్డగోడ ఇవతలివారికందరికిని వినబడునట్లు అడుగును, తల్లి తల దించుకొనును, చీటీ వ్రాయువాడు మరల అడుగును. "ముందు స్టేషనుకు వెళ్ళి లెటర్ తెండమ్మా" అని ఒకరు, "డ్యూటీ డాక్టరుగారు ఇప్పుడు లేరు, పొద్దున్నే రండి" అని మరియొకరు పంపివేయుదురు. ఆ పొద్దుటికి గడచిపోవునది కేవలము ఒక రాత్రి కాదు. గర్భనిరోధక మాత్ర ఎంత త్వరగా వేసికొనిన అంత ఫలము, హెచ్.ఐ.వి. సోకకుండ ఇచ్చు మందు 72 గంటలలోపలనే మొదలు కావలెను. శరీరముపైని సాక్ష్యము గంటగంటకు చెరిగిపోవును.

అట్లు త్రిప్పి పంపుట చట్టవిరుద్ధమని ఆ తల్లికి తెలియదు, చెప్పువారును లేరు. నిర్భయ ఘటన తరువాత 2013లో వచ్చిన శాసనమును, 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన క్రొత్త నేర చట్టములును ఒక్క మాటనే చెప్పుచున్నవి: ప్రభుత్వమున కాని, ప్రైవేటున కాని ఏ ఆసుపత్రియైనను అత్యాచారమునకు లోనైన స్త్రీకి తక్షణమే ఉచితముగా చికిత్స చేయవలెను, నిరాకరించిన ఆసుపత్రి బాధ్యులు ఏడాది వరకు జైలుశిక్షకు పాత్రులగుదురు. పోలీసు లేఖ లేకయే వైద్యుడు పరీక్షింపవచ్చునని కేంద్ర ఆరోగ్యశాఖ 2014 మార్గదర్శకములలో స్పష్టము చేసినది. పరీక్షకు ఆమె సమ్మతి కావలెను. పరీక్ష వలదన్నను చికిత్స మానరాదు. ఇక "రెండు వేళ్ల పరీక్ష" అను అమానుష పద్ధతి, స్త్రీ గత జీవితమును వెదకుటకు తప్ప వైద్యమునకు గాని న్యాయమునకు గాని ఏ విధమునను ఉపకరింపనిది, ఆమె గౌరవమునకు భంగకరమని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పినది. 2022 అక్టోబరులో దానిని చేయువారు దుష్ప్రవర్తనకు బాధ్యులగుదురనియు తీర్పునిచ్చినది.

చట్టము ఇంత చెప్పినను అది తనంత తాను నడచి వచ్చి ఆ ఇనుప బల్ల ప్రక్క కూర్చుండదు. కూర్చుండవలసినది మనిషి. ముంబయి బాంద్రాలోని భాభా ఆసుపత్రిలో 2000 ప్రాంతమున నగరపాలక సంస్థయు, సేహత్ అను పరిశోధన సంస్థయు కలిసి నెలకొల్పిన "దిలాసా" కేంద్రము ఈ సత్యమును ఆచరణలో చూపినది: హింసకు గురియైన స్త్రీని మరియొక కార్యాలయమునకు త్రిప్పక, ఆమె ఎటులైనను వచ్చు ఆసుపత్రిలోనే శిక్షణ పొందిన కౌన్సెలరును ఉంచుట. హైదరాబాదులో 2016లో ఆరంభమైన "భరోసా" కేంద్రము ఆ దారినే మరికొంత ముందుకు నడచి, వైద్యసహాయము, వాఙ్మూలము, న్యాయసలహా, ఓదార్పు ఒక్క కప్పు క్రింద సమకూర్చినది. 2018లో అచటనే బాలలకు భయము గొలుపని న్యాయస్థానము ఏర్పడినది. కేంద్ర ప్రభుత్వము 2015 నుండి నెలకొల్పుచున్న "సఖి" కేంద్రములు జిల్లాలందు కలవు. ఇవి మంచి పనులు. వీనిని ఆరంభించినవారిని నేను మనసార అభినందింతును. కాని ఒప్పందపు ఉద్యోగములో నుండు కౌన్సెలరు, రేపటి కొలువే తనకు నమ్మకము లేని స్థితిలో, మరియొకరికి "నేనున్నాను" అని ఎన్నేండ్లు చెప్పగలదు? కేసు సంవత్సరముల తరబడి నడచును. నడుమ ముగ్గురు కౌన్సెలర్లు మారినచో ఆ పిల్ల తన కథను నాలుగవ మనిషికి మొదటి నుండి చెప్పుకొనవలెను. ప్రతి పర్యాయమును ఆ దినము మరల ఆమె మీద నుండి నడచిపోవును.

ఆ చెప్పుకొనుటలోని కష్టమును న్యాయస్థానములే కాదు, మనమందరమును తెలిసికొనవలసియున్నది. అమెరికాలోని బోస్టన్ నగర ఆసుపత్రికి వచ్చిన స్త్రీలను దగ్గరగా పరిశీలించి ఆన్ బర్జెస్, లిండా హోమ్‌స్ట్రమ్ అను విదుషీమణులు 1974లో ప్రకటించిన పరిశోధనయు, 1992లో మానసిక వైద్యురాలు జుడిత్ హెర్మన్ ప్రకటించిన గ్రంథమును మనకు నేర్పినది ఇది: ప్రాణభయము ముంచుకొనివచ్చినప్పుడు దేహము పోరాడుటయో పారిపోవుటయో మాత్రమే కాదు, కదలలేక బిగిసిపోవుటయు కలదు. జ్ఞాపకము వరుసగా నిలువదు. గోడమీది క్యాలెండరు గుర్తుండును, గంట గుర్తుండదు. వాసన గుర్తుండును, చొక్కా రంగు గుర్తుండదు. కొందరు ఏడ్చెదరు, కొందరు రాయివలె కూర్చుందురు, కొందరు ఆ సాయంత్రము వంట చేసి వడ్డించెదరు. "నిజంగా జరిగితే అరవదా? అన్నం ఎట్లా వండింది?" అని ప్రశ్నించు ఊరికి, అదే ప్రశ్నను నల్లకోటులో అడుగు న్యాయవాదికి నడుమ భేదము నాకు కనబడదు. సాక్ష్యములోని చిన్న వైరుధ్యములను పట్టుకొని ఆమె మాటను త్రోసివేయరాదని, విచారణ మూసిన తలుపుల వెనుక జరుగవలెనని 1996లోనే సుప్రీంకోర్టు ఆదేశించినది. ఆ ఆదేశమును అడిగి సాధించుకొనుటకైనను ప్రక్కన ఒకరుండవలెను.

తోడు ఎంత శక్తిమంతమో, వ్యవస్థ విఫలమైనప్పుడు దానికి గల పరిమితి యేమో తెలుపునది వాకపల్లి. 2007 ఆగస్టు 20వ తేదీన విశాఖ మన్యములోని ఆ పల్లెలో, మావోయిస్టులకై గాలింపునకు వచ్చిన గ్రేహౌండ్సు ప్రత్యేక దళపు పోలీసులు తమపై అత్యాచారము చేసిరని పదునొకరు గిరిజన స్త్రీలు ఫిర్యాదు చేసిరి. పరువు పోవునని వారు దాగలేదు. ఒకరి చేయి ఒకరు పట్టుకొని కొండ దిగి వచ్చిరి. గిరిజన సంఘములు, పౌరహక్కుల కార్యకర్తలు, మహిళాసంఘములు వారి వెంట నిలిచినవి. అయినను విచారణ మొదలగుట 2018లో. తీర్పు వచ్చుట 2023 ఏప్రిల్ నెలలో. ప్రత్యేక న్యాయస్థానము నిందితులను విడిచిపెట్టినది. విడిచిపెట్టుచునే దర్యాప్తు చేసిన అధికారుల వైఫల్యమును ఎత్తిచూపి, ఆ స్త్రీలకు నష్టపరిహారము చెల్లింపవలసినదని ఆదేశించినది. పదునారు సంవత్సరములు! దర్యాప్తు మొదటి వారముననే తన పని తాను చేసియుండినచో ఏది నిజమో న్యాయస్థానము తేల్చగలిగియుండెడిది. అది లేకపోయినప్పుడు ఆ స్త్రీలకు మిగిలినది తమలో తాము ఒకరికొకరు ఇచ్చుకొనిన ధైర్యము. ఆ ధైర్యమును నేను శిరసు వంచి గౌరవింతును. కాని రాజ్యము చేయవలసిన పనిని పేద స్త్రీల ధైర్యముపై మోపుట అధర్మము.

పిల్లల విషయమున చట్టము మరింత ముందుకు వెళ్ళినది. 2020 నాటి పోక్సో నియమముల ప్రకారము బాలల సంక్షేమ సమితి ప్రతి బాధిత బాలునకు, బాలికకును కుటుంబపు సమ్మతితో ఒక సహాయక వ్యక్తిని నియమింపవచ్చును. దర్యాప్తు, విచారణ ముగియువరకు వెంట నుండుట, కేసు స్థితిని తెలుపుట, పరిహారమునకు దరఖాస్తు చేయించుట ఆ వ్యక్తి విధులు. ఈ నియామకములు కాగితముపైని ఉత్సవముగా మిగులరాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు గట్టి ఆదేశములిచ్చినది. వయోజన స్త్రీకి మాత్రము ఇట్టి హక్కు నేటికిని స్పష్టముగా లేదు. పోలీసు స్టేషనులోనే ఆమెకు న్యాయవాది తోడుండవలెనని 1994లో సుప్రీంకోర్టు చెప్పిన మాట ముప్పది యేండ్లు గడచినను ఆచారము కాలేదు. పదునెనిమిదవ పుట్టినరోజు దాటిన మరునాడు ఆ పిల్లకు తోడు అక్కరలేదని ఎవరు నిర్ణయించిరి? ఉభయ తెలుగు రాష్ట్రముల శాసనసభలును ఈ హక్కును వయోజన స్త్రీలకు విస్తరింపజేయవలెను. దానికి కావలసినది క్రొత్త ఉరికొయ్య కాదు, క్రొత్త ఉద్యోగములు, వానికి పక్కా జీతములు.

మానుట అనగా మరచుట అని మనవారి అభిప్రాయము. "అయిందేదో అయింది, మరచిపో తల్లీ" అను ఓదార్పు మంచి మనసుతో పలికినదే యైనను, అది గాయమును మూతవేయునే కాని మాన్పదు. హెర్మన్ చెప్పిన క్రమము సరళమైనది: మొదట ఆమెకు భద్రత, తరువాత, తనకు తోచినప్పుడు, తోచినంత చెప్పుకొని దుఃఖించు అవకాశము, ఆ పిదప మరల లోకముతో సంబంధము. మొదటిది లేక రెండవది లేదు. నిందితుడు ఎదురింటిలోనే తిరుగుచుండగా కౌన్సెలింగు గదిలోని మంచిమాట ఎంతసేపు నిలుచును? కాబట్టి చికిత్స అనగా మందును, మాటయు మాత్రమే కాదు. ఊరు మారవలసివచ్చినచో ఇల్లు, బడి మారవలసివచ్చినచో ఏ ప్రశ్నయు లేని టీసీ, కూలి పోయిన దినములకు అన్నము. 2018లో జాతీయ న్యాయసేవాధికార సంస్థ రూపొందించిన పరిహార పథకము అత్యాచారమునకు 4 లక్షల నుండి 7 లక్షల రూపాయల వరకు నిర్ణయించినది. తీర్పునకై ఆగక మధ్యంతర సహాయము ఇయ్యవచ్చును. ఆ సొమ్ము వెల కాదు, దయ కాదు. కాపాడలేకపోయిన రాజ్యము చెల్లించు ఋణము. "డబ్బుకోసం కేసు పెట్టింది" అను మాట వినబడినచోట దానిని అచటనే ఖండించుట మన విధి.

పత్రికలకును ఇందు విధి కలదు. ఆమె పేరు ప్రకటించుట నేరమని అందరికిని తెలియును. కాని ఊరి పేరు, తండ్రి వృత్తి, చదువుచున్న కాలేజీ, ఇంటి ముంగిటి ఫోటో ప్రకటించి పేరు మాత్రము దాచుట దాచుట కాదు. 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇట్టి పరోక్ష సూచనలను సైతము నిషేధించినది.

చదువరులకు నా విన్నపము ఒక్కటి. మీ ఊరి ఆసుపత్రి పర్యవేక్షకునికి, జిల్లా కలెక్టరుకు, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఒక లేఖ వ్రాయుడు. క్యాజువాలిటీ గోడమీద, ఓపీ కిటికీ ప్రక్కన, పెద్ద తెలుగు అక్షరములలో ఇట్లు వ్రాయించుమని అడుగుడు: అత్యాచారమునకు గురియైనవారికి ఈ ఆసుపత్రిలో ఏ వేళనైనను చికిత్స ఉచితము. పోలీసు లేఖ అక్కరలేదు. మీ సమ్మతి లేక పరీక్ష చేయరు. మహిళల సహాయమునకు 181, పిల్లలకు 1098, ఉచిత న్యాయసహాయమునకు 15100, మనోవేదనకు 14416. వ్రాయించువరకు అడుగుచునే యుండుడు.