సంజ్ఞల దొంగలు

2017వ సంవత్సరము ఆగస్టు మాసమున అమెరికాలోని బోస్టన్ నగరములో, ఫెన్‌వే పార్కు అను పాత క్రీడాప్రాంగణమున, బోస్టన్ రెడ్ సాక్స్, న్యూయార్కు యాంకీస్ జట్ల నడుమ వరుసగా మూడు ఆటలు జరిగినవి. ఆ రెండు జట్ల స్పర్ధ నూరేండ్ల నాటిది. వారు ఒకరిపై నొకరు ఫిర్యాదు చేసికొనుట వింత కాదు. కాని ఈ మారు యాంకీస్ జట్టు జనరల్ మేనేజరు బ్రయన్ క్యాష్‌మన్ బేస్‌బాల్ కమిషనరు కార్యాలయమునకు పంపిన ఫిర్యాదు క్రొత్త తరహాది. దానితో జతపరచిన వీడియో దృశ్యములలో దెబ్బలాట లేదు, దూషణ లేదు. ఆటగాండ్రు కూర్చుండు చోట, వారి దేహారోగ్యమును కనిపెట్టి చూచు రెడ్ సాక్స్ ఉద్యోగి యొకడు తన చేతిగడియారమును చూచుకొనును. పిదప ప్రక్కనున్న ఆటగానితో ఏదో చెప్పును. కనబడునది అంతే. ఆ గడియారము ఆపిల్ కంపెనీ వారిది. అది కాలముతోపాటు వార్తలను కూడ తెచ్చి మణికట్టుపై నుంచును.

ఆ వచ్చిన వార్త యేమో గ్రహించుటకు ఆ ఆటను గూర్చి కొంత తెలియవలెను. బేస్‌బాల్‌లో బంతి విసరువానిని పిచ్చరు అందురు. అతడు నిలుచు దిబ్బకును, బ్యాటరు నిలుచు చోటనున్న పలకకును నడుమ దూరము 60 అడుగుల 6 అంగుళములు. గంటకు 95 మైళ్ళ వేగముతో విసరిన బంతి ఆ దూరమును అర సెకను లోపలనే దాటును. అది నేరుగా వచ్చునా, వంపు తిరుగునా, వేగము తగ్గి మోసగించునా అన్నది బ్యాటరు ఆ రెప్పపాటులో నిర్ణయించుకొనవలెను. బ్యాటరు వెనుక, చేతికి తొడుగు ధరించి, గొంతుకూర్చుండువాడు క్యాచరు. ఏ బంతి విసరవలెనో అతడే తొడల నడుమ చేయి దాచి వ్రేళ్ళతో సూచించును. సాధారణముగా ఒక వ్రేలు వేగపు బంతికి, రెండు వ్రేళ్ళు వంపు బంతికి గుర్తులు. ఆ వ్రేళ్ళు పిచ్చరుకు కనబడవలెను, బ్యాటరుకు కనబడరాదు.

చిక్కు ఎక్కడ వచ్చుననగా, బ్యాటింగు జట్టువాడొకడు పరుగెత్తి రెండవ బేసును చేరినప్పుడు. పిచ్చరు వెనుక నిలిచిన ఆ ఆటగానికి క్యాచరు వ్రేళ్ళు ఎదురుగనే కనబడును. అందుచేత అట్టి సమయమున క్యాచరు ఒక సంజ్ఞకు మారుగా నాలుగైదు సంజ్ఞలను వరుసగా చూపును. వానిలో నిజమైనది ఒక్కటే. అది రెండవదో, మూడవదో, వారిద్దరికే తెలియును. ఆ వరుసను కంటితో చూచి, బుద్ధితో విప్పి, ఒడలి కదలికతో తన బ్యాటరుకు తెలుపుట ఈ ఆటలో ఏనాటినుండియో ఉన్న విద్య. దానిని ఏ నిబంధనయు నిషేధింపలేదు. కమిషనరు రాబ్ మాన్‌ఫ్రెడ్ 2017 సెప్టెంబరు 15న వెలువరించిన ప్రకటనలో ఈ సంగతిని స్పష్టపరచెను. ఎదిరి సంజ్ఞలను విప్ప యత్నించుట తప్పు కాదనియు, అందుకు ఎలక్ట్రానిక్ పరికరమును వాడుట తప్పనియు దాని సారాంశము.

బోస్టన్‌లో జరిగిన తప్పునకు మూలము ఒక మంచి యేర్పాటులోనే యున్నది. 2014వ సంవత్సరము నుండి అంపైరు నిర్ణయములను వీడియోలో మరల చూచి ప్రశ్నించుటకు జట్లకు విస్తృతమైన అవకాశము లభించినది. ఏ నిర్ణయమును ప్రశ్నింపవచ్చునో చూచి చెప్పుటకై జట్లవారు తెరలతో కూడిన గదులను ఏర్పరచుకొనిరి. న్యాయము కొరకు తెరచిన ఆ గదియే దొంగకు కన్నమైనది. అచట కూర్చున్నవారు క్యాచరు వ్రేళ్ళను తెరపై చూచి, వరుసలో ఎన్నవ సంజ్ఞ నిజమైనదో కనిపెట్టి, గడియారమునకు సందేశము పంపిరి. గడియారము ధరించినవాడు ఆటగానికి చెప్పెను; అది సైగగా రెండవ బేసుపై నున్నవానికి చేరెను; అతడు బ్యాటరుకు తెలిపెను. ఇంత త్రిప్పట యెందుకని సందేహము కలుగవచ్చును. ప్రతి బంతికిని సందేశము పంపుటకు వ్యవధి చాలదు, పంపనక్కరయు లేదు. వరుసలోని కీలకము ఒక్కసారి తెలిసినచో తక్కినది బేసుపై నున్నవాడు తన కంటితోనే చదువుకొనును. గడియారము మోసినది ఆ తాళపుచెవిని మాత్రమే.

కంటితో చేసిన దొంగతనము విద్య, గడియారముతో చేసినది నేరము, ఇదేమి న్యాయమని ఎవరైనను అడుగవచ్చును. ఫలితము ఒకటే గదా! ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. అయినను భేదము కలదు. రెండవ బేసుపై నిలిచినవాడు పిచ్చరుకు కనబడుచునే యున్నాడు. వానిపై అనుమానము కలిగినచో పిచ్చరు సంజ్ఞల వరుసను మార్చుకొనవచ్చును; క్యాచరును దగ్గరకు పిలిచి నోటికి తొడుగు అడ్డము పెట్టుకొని మాటాడవచ్చును. దొంగయు, సొత్తు కలవాడును ఒకే మైదానమున ఒకరికొకరు తెలిసి నిలిచియున్నారు. గోడ వెనుక తెర ముందు కూర్చున్నవాడు ఆటలో లేడు. వాడు ఔటు కాడు, అలయడు, వానికి ప్రతిక్రియ చేయుటకు దారి లేదు. తానెవరితో ఆడుచున్నాడో తెలియని దశకు పిచ్చరును దింపుటయే ఇందలి అన్యాయము.

ఈ ఆశ చేతిగడియారముతో పుట్టినది కాదు. 1900లో ఫిలడెల్ఫియా మైదానమున, మూడవ బేసు ప్రక్క శిక్షకుడు నిలుచు చోటును సిన్సినాటి ఆటగాడు టామీ కార్కొరన్ తన బూటు మేకులతో త్రవ్వగా మట్టి క్రింద ఒక పెట్టెయు, విద్యుత్తు తీగలును బయటపడినవి. దూరమున దుర్భిణితో కూర్చున్నవాడు మీట నొక్కినప్పుడెల్ల శిక్షకుని పాదము క్రింద అది అదరుచుండెడిది. 1951లో న్యూయార్కు జయంట్స్ జట్టువారు పోలో గ్రౌండ్స్ మైదానపు చివరనున్న గదిలో టెలిస్కోపును నిలిపి, తీగ ద్వారా సంకేతధ్వని పంపి సంజ్ఞలను చేరవేసిరి. ఆగస్టులో పదమూడున్నర ఆటలు వెనుకబడియున్న ఆ జట్టు, అక్టోబరు 3న బాబీ థామ్సన్ కొట్టిన ఒక్క దెబ్బతో బ్రూక్లిన్ డాడ్జర్స్‌ను ఓడించి లీగు విజేత యయ్యెను. అర్ధశతాబ్దము అమెరికా ముచ్చటగా చెప్పుకొనిన ఆ దెబ్బ వెనుకనున్న టెలిస్కోపు కథను 2001లో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రికలో జాషువా ప్రేగర్ వెల్లడించెను. ఆ యొక్క బంతి తనకు ముందుగా తెలియదని థామ్సన్ చెప్పుకొనెను. నమ్మినవారు నమ్మిరి. బంతి విసరిన రాల్ఫ్ బ్రాంకా మాత్రము 2016లో మరణించువరకు ఆ ఓటమి పేరుతోనే పిలువబడెను.

బోస్టన్ వ్యవహారమున శిక్ష స్వల్పము. రెడ్ సాక్స్‌కు జరిమానా విధించిరి, మొత్తమెంతయో ప్రకటింపలేదు. ఆ సొమ్మును ఫ్లోరిడాలో తుఫాను బాధితుల సహాయమునకు పంపిరి. ఫిర్యాదు చేసిన యాంకీస్ జట్టును సైతము పూర్వము ఆటగాండ్ర చోటనున్న టెలిఫోనును దుర్వినియోగపరచినందులకు అంతకు తక్కువ జరిమానా కట్టవలసివచ్చెను. కమిషనరు వారికి వ్రాసిన లేఖ 2022లో న్యాయస్థానపు ఉత్తరువుచే బయటపడగా, ఆ జరిమానా లక్ష డాలర్లనియు, వీడియో గదిలో సంజ్ఞలను విప్పుట వారును చేసిన పనియే అనియు లోకమునకు తెలిసినది. దొంగ దొంగను పట్టించిన చందమున నున్నది. ఆ యేడు రెడ్ సాక్స్ రెండు ఆటల అంతరముతో యాంకీస్‌ను దాటి తమ విభాగమున అగ్రస్థానము పొందిరి. గడియారము గెలిపించిన ఆటలెన్నియో ఎవరు లెక్కకట్టగలరు?

ఇకముందు ఇట్టి తప్పు చేసినచో కఠినశిక్ష తప్పదని కమిషనరు నాడే ముప్పది జట్లకును హెచ్చరిక పంపెను. ఆ హెచ్చరిక వెలువడు సమయమునకే టెక్సాస్ రాష్ట్రములోని హ్యూస్టన్ నగరమున ఆస్ట్రోస్ జట్టువారు అంతకంటె మోటైన దొంగతనమును సాగించుచుండిరి. మైదానపు అవతలి చివరనున్న కెమెరా క్యాచరు వ్రేళ్ళను చూపును. ఆటగాండ్ర చోటికి చేరువనున్న తెరపై దానిని చూచి ఒకడు చెత్తడబ్బాపై దెబ్బలు కొట్టును. మ్రోగినచో వంపు బంతి. మ్రోగనిచో వేగపు బంతి. హెచ్చరిక అందిన పిదపను ఈ డబ్బా మ్రోత ఆగలేదని తరువాతి విచారణలో తేలినది. తుఫాను నిధికి చేరిన జరిమానాను చూచి ఎవరును భయపడలేదనుట స్పష్టము. ఆ సంవత్సరము జగద్విజేతలమని ఊరేగినది ఆస్ట్రోస్ జట్టే.

ఆ మ్రోతకు బలియైనవారు లేకపోలేదు. 2017 ఆగస్టు 4న టొరంటో జట్టు పిచ్చరు మైక్ బోల్సింగర్ హ్యూస్టన్‌లో బంతి విసరుటకు దిగెను. ఒక్కనిని మాత్రమే ఔటు చేయగలిగి, నాలుగు పరుగులిచ్చి వెనుదిరిగెను. అతడు మరల ఆ మహాలీగులో బంతి విసరలేదు. మరుసటి యేడు జపాను పోయి అచ్చటి జట్టులో రాణించెను. తన వృత్తిని చెడగొట్టిరని 2020లో ఆస్ట్రోస్‌పై దావా వేసెను, అది నిలువలేదు. అతని చేతిలో నాడు పస లేదా, లేక డబ్బాయే అతనిని ఓడించినదా? అతడును నిశ్చయముగా చెప్పజాలడు. అతని కష్టములోని చేదంతయు అందులోనే యున్నది.

2019 నవంబరులో పూర్వపు ఆస్ట్రోస్ ఆటగాడు మైక్ ఫయర్స్ బహిరంగముగా చెప్పిన పిదప విచారణ సాగినది. 2020 జనవరి 13న తీర్పు వచ్చినది. 50 లక్షల డాలర్ల జరిమానా, రెండు సంవత్సరములు క్రొత్త ఆటగాండ్రను ఎన్నుకొను తొలి అవకాశముల నష్టము, మేనేజరుకును జనరల్ మేనేజరుకును ఒక యేడు బహిష్కారము. యజమాని వారిద్దరిని ఆ దినముననే తొలగించెను. నిజము చెప్పుటకై అభయము పొందిన ఆటగాండ్రకు శిక్ష లేదు. ఇది విచారణకు అనుకూలమైన పద్ధతి కావచ్చును గాని, డబ్బా కొట్టిన చేతులు నిష్కృతి పొందుట బోల్సింగర్ వంటివారికి ఎట్లు రుచించును?

క్రికెట్టు నెరిగిన తెలుగు పాఠకులకు ఇట్టిదే మరియొక ఘటన జ్ఞాపకమునకు రావచ్చును. 1999 ప్రపంచ కప్పులో ఇంగ్లాండులోని హోవ్ పట్టణమున భారతదేశముతో ఆడినపుడు దక్షిణాఫ్రికా నాయకుడు హన్సీ క్రోనియే చెవిలో చిన్న వినికిడి యంత్రము నుంచుకొని శిక్షకుడు బాబ్ వూల్మర్ సలహాలను వినుచుండెను. నిషేధించు నిబంధన అప్పటికి లేకున్నను మ్యాచి రెఫరీ దానిని తీయించెను. నేడు మన దేశమున వైద్యవిద్యా ప్రవేశపరీక్ష వ్రాయు విద్యార్థి చేతిగడియారముతో గదిలో అడుగు పెట్టరాదు. పరీక్షాధికారులకు బోస్టన్ కథతో పని లేకయే గడియారపు గుట్టు తెలిసినది.

బేస్‌బాల్ వారు కనుగొనిన విరుగుడు చిత్రమైనది. 2022 నుండి క్యాచరే మీటలు గల చిన్న పరికరమును కట్టుకొనుచున్నాడు. మీట నొక్కినచో పిచ్చరు టోపీలో నమర్చిన పట్టీనుండి బంతి పేరు మెల్లగా వినబడును; మరి ముగ్గురు ఆటగాండ్రును అట్లే వినవచ్చును. 2023 నుండి పిచ్చరు కూడ మీటలను ధరింపవచ్చును. ఒంటిపై ధరించు యంత్రము చేసిన చౌర్యమునకు ఒంటిపై ధరించు మరియొక యంత్రమే కావలి! దానితో గోడవెనుక దొంగయే కాక, రెండవ బేసుపై నిలిచి తన కంటిని, బుద్ధిని మాత్రమే నమ్ముకొనిన పాత విద్వాంసుడు కూడ నిరుద్యోగి యయ్యెను. అతనికొరకు విచారించినవారు తక్కువ.

అయినను ఒక్కొక్కప్పుడు ప్రేక్షకుల కేకలకు పిచ్చరు టోపీని చెవికి అదుముకొని, వినబడలేదని తల అడ్డముగా ఊపును. మరియొకప్పుడు యంత్రమే పలుకదు. అప్పుడు క్యాచరు మరల తొడల నడుమ చేయి దాచి వ్రేళ్ళు చూపును. రెండవ బేసుపై నున్నవాడు నడుము వంచి, కన్ను చిట్లించి చూచును.