మంచు కనుమలలో విద్యుత్తీగలు

శ్రీనగరు నుండి లేహ్ పట్టణమునకు 220 కిలోవోల్టుల విద్యుత్ మార్గమును 2019 ఫిబ్రవరి 3వ తేదీన జాతి కంకితము చేసిరి. దాని నిడివి సుమారు 335 కిలోమీటర్లు. శంకుస్థాపన 2014లోనే జరిగినది. నాలుగున్నర యేండ్లేల పట్టినదని యడుగువారు ఒక్క మాఘమాసము ద్రాసులో గడిపివచ్చి మఱల నడుగుదురు గాక!

అచట చలి సున్నకు దిగువ ముప్పది డిగ్రీలకు దిగుట కలదు. దారి 3,500 మీటర్ల కెక్కువ యెత్తుననున్న జోజీలా కనుమ మీదుగా పోవును. శీతకాలమున అది మంచుచే మూతపడుచు వచ్చినందున ఇనుము, సిమెంటు, బియ్యము మున్నుగాగల సమస్తమును వేసవిలోనే చేర్చుకొనవలసివచ్చెను. చేర్చినంతమాత్రమున పని సాగునా? సిమెంటు గట్టిపడుటకు నీరు కావలెను. ఆ నీరే గడ్డకట్టినచో పునాది చెడును. కావున నీటిని కాచి కలుపవలెను, పోసిన కాంక్రీటును కప్పి వెచ్చగా నుంచవలెను. తీగ సంగతి మఱియొకటి. లోహము చలికి కుంచించును. వేసవిలో బిగువుగా కట్టిన తీగ శీతకాలమున గోపురములను గుంజును. చలిలో వదులుగా కట్టినది యెండలలో నేలవైపు జాఱును. ఆనాటి ఉష్ణోగ్రతకు లెక్కగట్టియే బిగింపవలెను. ఎత్తున గాలి పలుచనగుటచే మనుష్యునికి ఊపిరి చాలదు. అదే కారణమున తీగకును గోపురమునకును నడుమ ఎడమును హెచ్చింపవలెను!

ఇంతపాటు వ్యర్థము కాదు. లడాకులో చలి ముదిరి విద్యుత్తు మిక్కిలి కావలసిన దినములలోనే నదులు గడ్డకట్టి జలవిద్యుత్తు తఱుగును.

ఇపుడు ఇంతకంటె పెద్దపని వచ్చుచున్నది. 4,500 మీటర్ల కెక్కువ యెత్తుననున్న పాంగ్ నుండి హర్యానాలోని కైథలు వఱకు 713 కిలోమీటర్ల మార్గమునకు 20,773 కోట్ల రూపాయల యంచనాతో కేంద్ర మంత్రివర్గము 2023 అక్టోబరులో అనుమతి నొసగెను. 2029-30కి ముగింపవలెనట. గడువు దాటినచో కాంట్రాక్టరునకు జరిమానా. జరిమానా భయమున తొందర. ఆ తొందర తుదకు గోపురమెక్కినవాని మీదనే పడును. ఎక్కువాడు సాధారణముగా దూరదేశమునుండి వచ్చిన కూలివాడు.

1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము అట్టివానికి రక్షణవస్త్రములను, వసతిని, నెలజీతములో సగమునకు తక్కువగాని స్థానచలన భత్యమును విధించినది. దాని స్థానమునకై చేసిన 2020 నాటి స్మృతిలో ప్రయాణఖర్చు నిలిచెను, ఆ భత్యము పోయెను. ఏల పోవలెనో మాకు బోధపడలేదు. స్మృతిలో లేకున్నను పాంగ్ మార్గపు ఒడంబడికలలో దానిని షరతుగా చేర్చుటకు ప్రభుత్వమున కడ్డేమియు లేదు. శీతకాలపు నెలలను గడువులో లెక్కింపరాదనియు అందే వ్రాయవలెనని మేము కోరుచున్నాము.