తండా బడిలో సిక్కుల కథ

పొరుగువారి మతమును గూర్చి మన బిడ్డలకు తొలుత తెలియునది పరిహాసమే యైనచో, ఆ దోషము బిడ్డలది కాదు, పెద్దలది. సిక్కును చూడగనే సర్దార్జీ హాస్యకథ నొకదానిని వల్లించు బాలురు మన పట్టణములలో పెక్కుమంది కలరు. వారు కేశములేల తీయరో, తలపాగా యేల ధరింతురో, చేతి యినుప కడియమునకు అర్థమేమో చెప్పగల పెద్దలు మాత్రము అరుదు. ఈ లోపమును ప్రాథమిక పాఠశాలలోనే తీర్చవలెనని మా అభిప్రాయము.

ఇది పంజాబువారి విషయము, మనకేల యని కొందరనవచ్చును. 1699లో గురు గోవిందసింగు ఖాల్సాను నెలకొల్పినప్పుడు శిరస్సు నిచ్చుటకు ముందుకు వచ్చిన ఐదుగురిలో సాహిబ్ సింగు మన పొరుగున నున్న బీదరు వాడు. ఆ గురువు 1708లో దేహము చాలించిన నాందేడు గోదావరీతీరమున నున్నది. భద్రాద్రి పాదములను కడుగునదియు ఆ నదియే. 1832 ప్రాంతమున రంజిత్ సింగు మహారాజు పంపిన సైనికుల వంశీయులు హైదరాబాదునే స్వస్థలముగా చేసికొని నేటికిని దక్కనీ సిక్కులన బరగుచున్నారు.

టేకులపల్లి వంటి మన్యపు మండలమున ఈ పాఠమును ఇంకను చేరువనుండి ఆరంభింపవచ్చును. అచ్చట లంబాడా తండాలు మెండు. లంబాడాలు బంజారాలే గదా! 1675లో ఢిల్లీలో ఔరంగజేబు ఆజ్ఞచే గురు తేగ్ బహదూరు శిరచ్ఛేదము జరిగినప్పుడు, ఆ మొండెమును తన బండిపై ఇంటికి చేర్చి, అన్యులకు అనుమానము కలుగకుండ ఇంటికే నిప్పంటించి దహనసంస్కారము చేసిన లఖీ షా బంజారా యని సిక్కులు నేటికిని స్మరింతురు. ఆ స్థలముననే రకాబ్ గంజ్ గురుద్వారము వెలసినది. పరుల మతస్వాతంత్ర్యమునకై ఆ గురువు ప్రాణమర్పించెననియు వారి విశ్వాసము. తన జాతివాడు ఇంతటి సాహసము చేసెనని యెరుగక తండా బిడ్డ పెరుగుట న్యాయమా?

అయితే ఐదేండ్ల పసివానికి శిరచ్ఛేదపు కథ తగదు. వానికి బంతిభోజనముతో మొదలిడవలెను. రాజును కూలివాడును ఒక్క వరుసలో నేలపై కూర్చుండి భుజించుటయే లంగరు. బడిలోని మధ్యాహ్న భోజనమున కోయబిడ్డ ప్రక్కన లంబాడా బిడ్డను కూర్చుండబెట్టి, తోటివానికి వడ్డింపజేసినచో సగము పాఠము చేతితోనే నేర్చినట్లగును. పిమ్మట దేవుడొక్కడే యనియు, కష్టించి సంపాదింపుము, నామమును స్మరింపుము, పంచుకొని తినుము అనియు గురునానకు చెప్పిన ధర్మమును తెలుపవచ్చును. సిక్కులు గురువుగా కొలుచు గ్రంథమున నేతగాడు కబీరు, దర్జీ నామదేవుడు, చర్మకారుడు రవిదాసు పదములును చేరియున్నవని చెప్పినచో బాలుడు తనంతట తానే గ్రహించును. తీయని కేశము దైవదత్తమును కాపాడుకొనుటయనియు, కడియము చేయి దుష్కార్యమునకు సాగకుండ నిలుపు గురుతనియు చెప్పిన పిదప ఎవ్వడును నవ్వడు. గురు తేగ్ బహదూరు కథకు పదియేండ్ల ప్రాయము తగును.

మతబోధ యను శంక వలదు. ప్రభుత్వ ధనముతోనే నడచు విద్యాలయములలో మతబోధ కూడదని రాజ్యాంగపు 28వ అధికరణము శాసించినది. కాని మతములను గూర్చి తెలిసికొనుట మతబోధ కాదని 2002లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ప్రార్థన చేయించుట వేరు, ప్రార్థించువానిని గౌరవింప నేర్పుట వేరు.

1984లో ఢిల్లీ వీథులలో తలపాగాలను గుర్తుగా గొని మనుష్యులను చంపిరి. అట్టి ద్వేషము ఒక్కనాట పుట్టదు. ఎరుగమియే దానికి విత్తనము. ఉపాధ్యాయులు, గ్రంథాలయ నిర్వాహకులు వారమున కొక గంట ఈ పనికి వినియోగింతురు గాక. పుస్తకములు వచ్చువరకు వేచియుండ నక్కరలేదు. కథ చెప్పగల నోరును, బంతి వేయగల వరండాయు చాలును.