చెయ్యి తిరిగినా మాత్ర మానవద్దు



పక్షవాతం నుండి కోలుకుని చెయ్యి, కాలు ఆడగానే చాలామంది మొదట మానేసేది కొలెస్ట్రాల్ మాత్రనే. "రిపోర్టు నార్మల్ వచ్చింది, ఇంకెందుకు సిస్టర్?" అంటారు. నార్మల్ వచ్చింది ఆ మాత్ర వల్లనే. మానితే కొన్ని వారాల్లోనే కొవ్వు మళ్ళీ పెరుగుతుంది.

రక్తనాళం మూసుకుపోయి వచ్చిన పక్షవాతంలో పోయిన బలాన్ని తెచ్చేది ముఖ్యంగా వ్యాయామం. ఈ మాత్ర పని రెండో దెబ్బను తప్పించడం. 2006లో వెలువడిన స్పార్కిల్ పరిశోధనలో 4,731 మందిని సుమారు ఐదేళ్ళు గమనించారు. అటార్వాస్టాటిన్ 80 మి.గ్రా. వేసుకున్నవారిలో నూటికి 11 మందికి, మందులేని ఉత్త మాత్ర వేసుకున్నవారిలో 13 మందికి మళ్ళీ పక్షవాతం వచ్చింది. తేడా ఇద్దరే కదా అనకండి; ఆ ఇద్దరి ఇంటివారికి అది చిన్న తేడా కాదు.

మాత్ర వేసుకున్నవారిలో మెదడులో రక్తస్రావం కొద్దిగా ఎక్కువ కనిపించింది. కాబట్టి బి.పి. అదుపులో ఉంచుకోవాలి. కండరాల నొప్పులుంటే మీకు మీరే మానక డాక్టరుగారికి చెప్పండి. డోసు తగ్గిస్తారు, లేదా మందు మారుస్తారు.

కోకాపేటలో ఉంటూ పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరే ఉద్యోగస్థులైన పిల్లలకు నా మనవి: ఆదివారం ఆరాధన నుండి రాగానే అమ్మానాన్నల మాత్రల డబ్బా తెరిచి లెక్క చూడండి. ప్రార్థన చేద్దాం, మాత్ర కూడా వేయిద్దాం. సువార్త రాసిన లూకా కూడా వైద్యుడే కదా!