అతుకు చూడక తప్పు మోపరాదు

పనిముట్టు చెడినప్పుడు మనము చెడిన చోటును వెదకుటకు ముందే చెఱచిన వానిని వెదకుదుము. బావిచేద త్రాడు తెగినచో "ఎవరు తెంపిరి?" అని యడుగుదుము గాని, ఆ త్రాడు గిలకయొద్ద ఏ చోట నెన్నినాళ్లుగ ఒఱసికొని నలిగినదో చూడము. ఇండ్లలో ఈ యలవాటు వలన నొక పూట పోట్లాటతో సరిపోవచ్చును. పాఠశాలయందు ప్రవేశించినచో నెంత యన్యాయమునకు దారితీయునో మేము ఈ సంవత్సరము స్వానుభవమున నెఱిగితిమి. కావున ముందుగ మా పొరపాటు నొప్పుకొని, పిమ్మట మా యభిప్రాయమును పాఠకుల యెదుట నుంచుచున్నాము.

ఈ సంచికలోని తెలుగు వ్యాసములను అచ్చునకు సిద్ధపఱచుటకు మాకు ఒక ట్యాబును, దానికి అయస్కాంతముతో నంటుకొను ఒక కీబోర్డును ఆధారము. పూర్వవిద్యార్థులు కొందఱు చందాలు వేసికొని కొనియిచ్చిన వస్తువులవి. ఆ కీబోర్డునకు తీగ లేదు. వేఱుగ బ్యాటరీయు లేదు. ట్యాబు అంచున మూడు చిన్న లోహపు చుక్కలున్నవి. కీబోర్డు అంచున వాని కెదురుగ మూడు సన్నని ములుకులున్నవి. ఇవి యవి తాకినప్పుడు ఒకదాని గుండ విద్యుత్తును, మఱొకదాని గుండ అక్షరముల సంకేతములును పోవును; మూడవది విద్యుత్తు తిరిగి వచ్చుటకు దారియై వలయమును పూర్తిచేయును. తాకుడు తప్పినచో నది కీబోర్డు గాదు, వట్టి యట్ట.

జనవరి మాసమున ఒక సోమవారము ఉదయము ప్రార్థన ముగిసిన వెనుక మేము పనికి గూర్చుంటిమి. కీబోర్డు ఒక్క క్షణము తగులుకొని, రెండక్షరములు పడి, విడిపోయెను. మఱల పెట్టిచూచితిమి, ఉలుకు లేదు, పలుకు లేదు. శుక్రవారము సాయంకాలము దానిని మాకొఱకు వాడినవాడు తొమ్మిదవ తరగతి బాలుడొకడు. సముద్రపు వైపు పల్లెనుండి సైకిలుపై వచ్చువాడు. తండ్రి చేపల వేటకు పోవువాడు. పిలిచి యడిగితిమి. "నేను పడవేయలేదయ్యా. మూసి మీ బల్లమీదనే పెట్టినాను" అనెను. అంతకుమించి పలుకలేదు. ఆ మౌనమును మేము నేరము నొప్పుకొనుటగ గ్రహించితిమి. క్రొత్తదాని వెలలో సగము తండ్రి నడిగి తెమ్మంటిమి. వేట సాగని దినములలో ఆ సగము సొమ్ము ఆ యింటికి ఎన్ని పూటల బియ్యమో మేము లెక్కింపలేదు. మఱునాటినుండి బాలుడు బడికి రాలేదు.

బుధవారమునాడు ఒక పెద్దాయన తన పాత జ్ఞాపకములను ఈ సంచికకై చెప్పుటకు వచ్చెను. ఆయన బిట్రగుంట యార్డులో బండ్లను పరీక్షించు ఫిట్టరుగ చిరకాలము పనిచేసి విశ్రాంతి పొందినవారు. మన యూరు రైలు వలన పెరిగిన యూరని యందఱు నెఱిగినదే. ఆవిరి యింజనుల కాలమున ఇచ్చట పెద్ద లోకోషెడ్డు ఉండెడిది. బొగ్గుపొగయు, ఈలలును, పని మాఱు వేళల కూతలును ఊరికి గడియారముగ నుండెడివి. 1980 ప్రాంతమున ఈ మార్గమున విద్యుత్తు తీగలు వచ్చిన పిమ్మట ఆ వైభవము క్రమముగ తగ్గిపోయెను. అయినను ఆ పనిలో చేయితిరిగిన వారి బుద్ధి యింకను ఊరిలో మిగిలియున్నది.

మా మొగములు చూచి, ఆ పెద్దాయన సంగతి యేమని యడిగెను. చెప్పితిమి. "పిల్లవానిని అడిగినారు, సరే. అతుకును చూచినారా బాబూ?" అనెను. చూడలేదంటిమి. అప్పుడాయన తన కాలపు పని నొకదానిని చెప్పెను. మా విద్యార్థులు దానిని శ్రద్ధతో వినవలెను.

ఆ దినములలో బండ్లకు వాక్యూము బ్రేకులుండెడివి. ఇంజనునుండి కడపటి పెట్టె వఱకు ఒకటే గొట్టపు దారి. పెట్టెకును పెట్టెకును నడుమ రబ్బరు హోసుపైపుల అతుకు. ఇంజను ఆ గొట్టములోని గాలిని లాగివేయును. గాలి లేనంతవఱకు బ్రేకులు వదలియుండును. ఎచ్చటనైన గాలి చొరబడినచో పట్టుకొనును. ఏదో యొక యతుకున రబ్బరు చీలినను చాలును, బండి యంతయు నిలిచిపోవును. అట్టియెడ డ్రైవరును తిట్టిన బండి కదలునా? ఫిట్టరు బండి నడుమ నొకచోట పైపు విప్పి, దాని మూతిని మూసి బిగించును. ఇంజను అంతవఱకు గాలిని లాగగలిగినచో దోషము వెనుక సగములో నున్నది. లాగలేనిచో ముందు సగములో నున్నది. పిమ్మట ఆ సగమును మఱల రెండు చేయును. నలువది పెట్టెల బండియైనను, ఇట్లు ఐదాఱు పరీక్షలలో చెడిన యతుకు దొరకును. ఇందు ఊహకు చోటు లేదు. కోపమునకు అసలే లేదు.

ఆ రీతినే ఆయన మా పనిముట్టును పరీక్షించెను. మొదట కీబోర్డును తీసి ప్రక్కన పెట్టి, ట్యాబు తెఱమీదనే వ్రాసి చూడుమనెను. అక్షరములు చక్కగ పడినవి. కావున వ్రాయు భాగము బాగుగనే యున్నది. ఇక మిగిలినవి కీబోర్డు, అతుకు. అతుకు చూచుటకై ట్యాబునకు తొడిగిన మందపు కవరును ఊడదీసెను. వెంటనే కీబోర్డు మేల్కొని, మఱల నిద్రపోయెను. కవరు అంచు అడ్డుపడి ములుకులు చుక్కలను పూర్తిగ తాకకుండినవని తెలిసెను. పిమ్మట చుక్కలను వెలుతురునకు పట్టి చూపెను. వానిమీద సన్నని మసక పొర. మన తీరమున గాలిలో ఉప్పుండును. ఆ యుప్పు చెమ్మను పీల్చుకొని లోహముపై నిలిచి విద్యుత్తునకు అడ్డమగును. ట్యాబును పూర్తిగ ఆర్పి, కండ్లజోడు తుడుచు మెత్తని గుడ్డకు సైన్సు గదిలోని ఐసోప్రొపైల్ ఆల్కహాలును ఒక చుక్క తడిపి, చుక్కలను ములుకులను మెల్లగ తుడిచి, ఆఱనిచ్చి, తిరిగి పెట్టెను. కీబోర్డు పనిచేసెను. నేటికిని చేయుచున్నది. ఈ వ్యాసము దానితోనే వ్రాయబడినది.

ఆ కవరు నెవరు తొడిగిరి? శనివారమునాడు, వస్తువు భద్రముగ నుండుననుకొని మేమే తొడిగితిమి. క్రిస్మసు సెలవులన్నినాళ్లును దానిని సముద్రపు గాలి వచ్చు కిటికీ ప్రక్కన బల్లపై నెవరు వదలిరి? అదియు మేమే.

ఆ సాయంకాలమే బాలుని యింటికి పోయితిమి. తండ్రి మంచము వాల్చి కూర్చుండుమనెను. జరిగినది చెప్పి క్షమింపుమని వేడితిమి. ఆయన కొంతసేపు నేల చూచుచుండి, "పిల్లోడు చెప్పినాడయ్యా, నేను పడెయ్యలేదని. బడివారు అబద్ధం చెప్పరు గదా అని నేనే నమ్మలేదు. కొట్టినాను" అనెను. మాకు మాట రాలేదు. కీబోర్డును బాగుచేయుటకు ఒక గుడ్డముక్కయు నొక చుక్క ద్రవమును చాలినవి. ఆ దెబ్బను తుడుచుటకు మాయొద్ద నేమున్నది?

మఱునాడు బాలుడు బడికి వచ్చెను. తరగతి యందఱి యెదుట తప్పు మాదని చెప్పితిమి. ఇందు మా గొప్ప యేమియు లేదు. అందఱి యెదుట మోపిన తప్పును అందఱి యెదుటనే తీసివేయవలెను.

కావున మా యభిప్రాయమిది: ఏ వస్తువు చెడినను, దానిని క్రమముగ పరీక్షించి, ఆ పరీక్షను కాగితముపై వ్రాసిన పిమ్మటనే తప్పెవరిదను ప్రశ్న పుట్టవలెను. అంతవఱకు ఏ విద్యార్థికిని జరిమానా వేయరాదు, ఇంటికి కబురు పంపరాదు.

కీబోర్డు విషయమున ఆ క్రమము సులభమైనది. మొదట ట్యాబు ఒంటిగ పనిచేయుచున్నదా యని చూడవలెను. రెండవది, ఆర్పి మఱల వెలిగించవలెను. మూడవది, కవరు తీసి అతుకును చూడవలెను. మురికియున్న మెత్తని గుడ్డతో తుడువవలెను. గరుకు కాగితముతో రుద్దరాదు; పై పూత మిక్కిలి పలుచనిది, పోయినచో లోహము త్వరలో చెడును. నాలుగవది, అదే రకపు వేఱొక కీబోర్డు దొరకినచో దానిని పెట్టి చూడవలెను. అదియు పనిచేయనిచో దోషము ట్యాబు వైపున నుండును. పనిచేసినచో మన కీబోర్డు వైపున నుండును. ఇది ఫిట్టరు బండిని రెండు సగములు చేసినట్టిదే.

కొన్ని కీబోర్డులు తాకకయే, బ్లూటూత్ అను రేడియో తరంగముల వలన కలియును. ఈ పద్ధతికి ఆ పేరు పదవ శతాబ్దమున డెన్మార్కు నేలిన హరాల్డు రాజు బిరుదమునుండి వచ్చినది. విడిపోయిన ప్రాంతములను కలిపినవాడని ఆయనకు ప్రసిద్ధి. ఇట్టి కీబోర్డు కలియనిచో దాని బ్యాటరీ నిండినదా యని ముందు చూడవలెను. పిమ్మట అది ప్రక్క గదిలోని మఱొక ట్యాబుతో ముందే కలిసియున్నదా యని చూడవలెను. ఒకే గదిలో పదిమంది వాడుచోట ఇది తఱచు జరుగును. అదియు గాదన్నచో, ట్యాబు సెట్టింగులలోని పాత జోడింపును తొలగించి, తెఱపై కనబడు సంఖ్యను కీబోర్డుపై కొట్టి, క్రొత్తగ జతపఱచవలెను.

కీబోర్డు కలిసియే యుండి, తెలుగునకు మాఱుగ ఇంగ్లీషు అక్షరములు పడినచో, అది అతుకు దోషము గాదు. భాష యేర్పాటు మాఱినదని తెలియవలెను. భారతీయ భాషల కేర్పఱచిన ఇన్‌స్క్రిప్టు అమరిక 1991లో భారత ప్రమాణమున చేర్పబడినది. అందు అచ్చులు ఎడమచేతి వైపునను, హల్లులు కుడిచేతి వైపునను ఉండును. సెట్టింగులలో ఆ యమరికను ఎన్నుకొన్న చాలును. ఈ చిన్న సంగతి తెలియక మంచి కీబోర్డును చెడినదని ప్రక్కన పెట్టినవారు కలరు.

ఇచ్చట రెండు ఆక్షేపణలు రాగలవు. "ఇంత పరీక్షకు తీరిక యెక్కడిది? క్రొత్తది కొనుట మేలు గదా" అని కొందఱందురు. మా వస్తువునకు పట్టిన కాలము అరగంట. పరీక్షింపక పోగొట్టుకొన్నది ఒక బాలుని రెండు దినముల చదువు. "జరిమానా లేనిచో పిల్లలు అజాగ్రత్తపరులగుదురు" అని మఱికొందఱందురు. పిల్లలు వస్తువులను పడవేయుట లేదని మేమనము. పరీక్షలో పగులు కనబడినచో అప్పుడు విచారింపుడు. కాని చేయని తప్పునకు దండన పొందిన బాలుడు జాగ్రత్తను నేర్చుకొనడు. వస్తువును ముట్టకుండుటను నేర్చుకొనును. నిజముగ తప్పుచేసిన నాడు దానిని దాచుటను గూడ నేర్చుకొనును.

మఱొక హెచ్చరికయు కలదు. పరీక్షకు హద్దున్నది. ట్యాబు వీపు ఉబ్బినచో లోపలి లిథియము బ్యాటరీ చెడినదని గుఱుతు. దానిని నొక్కరాదు, విప్పరాదు, ఛార్జింగు పెట్టరాదు. వెంటనే పనివారి కప్పగింపవలెను. తన చేతికి మించినదానిని ఎఱిగి ఆగుటయు ఫిట్టరు విద్యలోని భాగమే.

ఇది మా గది ముచ్చట మాత్రమే కాదు. 2022 డిసెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకు లక్షల సంఖ్యలో ట్యాబులను పంచినది. ఆ వయసు బాలబాలికల చేతులలోనికి ఇట్టి వస్తువులు వచ్చినవన్నమాట. వస్తువుతోబాటు దానిని పరీక్షించు క్రమము గూడ వారికి అందవలెను. లేనిచో పేదయింటి బిడ్డకు ఆ వస్తువు చదువుగ గాక భయముగ మాఱును.

మా గదిలో ఇప్పుడు కీబోర్డు పెట్టె మూతపై ఒక కాగితము అంటించియున్నది. దానిపై పైన చెప్పిన క్రమము వరుసగ వ్రాయబడినది. మందపు కవరు వాడుట మానితిమి. ట్యాబును కిటికీకి దూరముగ బీరువాలో నుంచుచున్నాము. ఆ కాగితమును వ్రాసినవాడు ఆ తొమ్మిదవ తరగతి బాలుడే. వాని దస్తూరి ముత్యముల వంటిది. అన్నిటికి పైన, మేము చెప్పకయే, వాడొక వాక్యమును చేర్చెను: "ముందు అతుకు చూడండి, తరువాత నన్ను పిలవండి." దానిని చెఱపివేయవలెనని మాకు తోచలేదు. ప్రతి పాఠశాలలోను, ప్రతి కార్యాలయములోను, ప్రతి యింటను ఆ వాక్యమునకు చోటుండవలెనని కోరుచున్నాము.